ఆపరేషను అయింది సరే, నడిపించేదెవరు?

తుంటి ఎముక విరిగిందంటే మన యిళ్ళలో ఎంత హడావుడి! మంచి డాక్టరెవరు, ఏ ఆస్పత్రిలో కార్డు చెల్లుతుంది, రాత్రిళ్ళు తోడు ఎవరు పడుకుంటారు అని అన్నీ విచారిస్తారు. కుట్లు విప్పి మనిషిని యింటికి తెచ్చుకున్నాక మాత్రం "గండం గడిచింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి సగం వైద్యం అప్పుడే మొదలవుతుంది.

కదలిక లేని కీలు కొద్ది వారాలకే బిగుసుకుపోతుంది. వాడని కండ కరిగిపోతుంది. పక్షవాతం వచ్చినవారికి మొదటి మూడు నెలలూ మరీ విలువైనవి. పోయిన శక్తి ఎక్కువగా తిరిగి వచ్చేది ఆ రోజుల్లోనే. ఆ కాలాన్నీ, ఆ చేతినీ మళ్ళీ పనిలో పెట్టే మనిషి ఫిజియోథెరపిస్టు. ఆయన చేసేది నూనె రాసి మర్దన చేయటం కాదు సుమా! ఏ కండ ఎంత బలహీనపడిందో చూసి, దానికి తగిన వ్యాయామం కొంచెం కొంచెంగా పెంచుతూ పోతాడు. ఇది వారాలూ నెలలూ పట్టే పని. వెళ్ళిన ప్రతిసారీ డబ్బు పెట్టాలంటే మధ్యతరగతి సంసారం తట్టుకోలేదు. ఆ సంగతి కనిపెట్టి, "యింట్లోనే నడుస్తానులే" అని పెద్దవారే మానేస్తారు. ఆపరేషను చక్కగా జరిగినా, చివరకు మోకాలు వంగదు!

కార్డు ఎంతవరకు?

ఆరోగ్యశ్రీ సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వం వారి ఆయుష్మాన్ భారత్ బీమా 2018లో వచ్చింది. 2024లో దానిని 70 ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా విస్తరించారు. అయితే యీ రెండూ ముఖ్యంగా ఆస్పత్రిలో చేరే రోగి కోసం ఏర్పడినవి. ఆయుష్మాన్‌లో యింటికి పంపిన తరువాత 15 రోజుల వరకు ఖర్చు ప్యాకేజీలోనే కలిసివుంటుంది. ఆపైన కార్డు పట్టుకుని వీధి చివరి క్లినిక్కుకు వెళితే "యిక్కడ చెల్లదండీ" అంటారు. తప్పు ఆయనది కాదు, పథకం తీరే అంత.

ఇ.ఎస్.ఐ. సంగతి వేరు. 1948 నాటి చట్టంతో 1952లో మొదలైన యీ బీమాలో ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం కూడా వుంది. ఉద్యోగికే కాదు, అతని మీద ఆధారపడిన కుటుంబానికీ వర్తిస్తుంది. ముందు మీ డిస్పెన్సరీ డాక్టరుకు చూపించి, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రికి చీటీ రాయించుకోండి. ఆ చీటీ లేకుండా ముందే బయట డబ్బు కట్టేసి, తరువాత తిరిగి రాబట్టుకోవడం కష్టం.

దగ్గరలో ఎక్కడ?

ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులలోనూ, చాలా జిల్లా ఆస్పత్రులలోనూ ఫిజియోథెరపీ విభాగం వుంటుంది. అక్కడికి బీమా కార్డే అక్కరలేదు, ఓ.పి. చీటీ చాలు. పట్నంలో పేరున్న క్లినిక్కులన్నీ వెతికి వేసారినవారు కూడా యీ గది వైపు తొంగి చూడరు! పుట్టుకతో కాలూ చెయ్యీ సరిగా రాని పిల్లల కోసం జిల్లా కేంద్రాలలో సత్వర చికిత్సా కేంద్రాలు వున్నాయి. మండలాలలోని భవిత కేంద్రాలకు కూడా ఫిజియోథెరపిస్టులు వస్తూవుంటారు. ఏ రోజు వస్తారో బడి పంతులుగారిని అడిగితే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్ళినా ఆ మనిషి బి.పి.టి. చదివినవాడా అని అడగటానికి మొగమాటపడకండి. యంత్రం తగిలించి పడుకోబెట్టి పంపేసేవారికంటే, దగ్గర నిలబడి వ్యాయామం చేయించేవారు మేలు.

ముందే అడగవలసినవి

డిశ్చార్జి కాగితం చేతికి రాకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి: "తరువాతి వ్యాయామం ప్యాకేజీలో వున్నదా? వుంటే ఎన్నాళ్ళు?" డాక్టరు చేత ఎన్ని వారాలు, ఏ వ్యాయామాలు అన్నది కాగితం మీద రాయించుకోండి. రోజూ రాలేని దూరమైతే, యింట్లో చేయించవలసినవి ఒకరు పక్కన నిలబడి నేర్చుకోండి. ఆయుష్మాన్ గురించి 14555కు, ఆరోగ్యశ్రీ గురించి 104కు ఫోను చేయవచ్చు.

పెద్దావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, పెరట్లో మల్లెపందిరి దాకా నడిచి వెళ్ళిన రోజునే ఆపరేషను పూర్తయినట్టు లెక్క.