పోతుటీగ సోమరిపోతేనా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో మర్రిచెట్టుకో, నీళ్లట్యాంకుకో వేలాడే తేనెతుట్టెలు అందరికీ తెలిసినవే. అందులో రాణి ఈగ ఉంటుందని, కూలి ఈగలు తేనె తెస్తాయని పిల్లలు కూడా చెప్పేస్తారు. మరి మగ ఈగ? దాని పేరు పోతుటీగ. పేరులో ‘పోతు’ ఉన్నందుకేమో, సోమరిపోతు కింద జమకట్టేశారు పాపం!

ఆ నింద పూర్తిగా అబద్ధమేం కాదు. పోతుటీగ పుప్పొడి తేదు, మైనం చేయదు, తుట్టెకు కాపలా ఉండదు. కుట్టనూ లేదు. తేనెటీగ ముల్లంటే గుడ్లు పెట్టే అవయవానికి మారిన రూపం. మగదానికి అదెక్కడిది?

పుట్టుక ఇంకా చిత్రం. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుడుతుంది. అంటే దానికి తండ్రి లేడు, తాత మాత్రం ఉన్నాడు! ఈ సంగతిని 1845లో జీర్జోన్ అనే మతగురువు బయటపెట్టాడు.

దాని తలలో ఎక్కువ భాగం కళ్లే. ఆకాశంలో ఎగిరే రాణిని కనిపెట్టడానికే ఆ ఏర్పాటు. ఇందులో జాతికో వేళ. శ్రీలంకలో 1970లలో పరిశోధకులు గమనించిందేమిటంటే, పొదల్లో ఉండే చిన్న ఈగల పోతులు మధ్యాహ్నం, చెట్టుతొర్రల్లోని పుట్టతేనె ఈగలవి సాయంత్రం, పెద్ద ఈగలవి మసకచీకట్లో బయల్దేరతాయట. ఒకదానికొకటి అడ్డం రావన్నమాట. రాణిని కలిసిన పోతుటీగ అక్కడికక్కడే చనిపోతుంది.

రాణి ఒక్క పోతుతో సరిపెట్టుకోదు. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగల్లోనైతే పది, పన్నెండింటితో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాటితో కలుస్తుంది. ఆ వీర్యాన్ని ఒంట్లోని సంచిలో దాచుకుని ఏళ్ల తరబడి గుడ్లు పెడుతుంది. ఆ పోతులు వేరే తుట్టెలవి కావాలి. దగ్గరి చుట్టరికమైతే పిల్లల్లో కొన్ని పనికిరాని మగవవుతాయి. కూలి ఈగలు వాటిని పురుగు దశలోనే తినేస్తాయి. తుట్టె బలం తగ్గుతుంది. అందుకే రాత్రిపూట మంటపెట్టి చుట్టుపక్కల తుట్టెలన్నీ కాల్చేస్తే పోయేది ఆ ఒక్క ఏటి తేనె కాదు. మిగిలిన రాణులకు పరాయి పోతులు కరువవుతాయి. పొద్దుతిరుగుడు, గుమ్మడి వేసే రైతుకూ ఆ దెబ్బ తగులుతుంది.

పూలు తగ్గి, తిండికి కటకటైతే పెట్టెల్లోని కూలి ఈగలు పోతుటీగలకు మేత ఆపేస్తాయి. రెక్క పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చేస్తాయి, మళ్లీ లోపలికి రానివ్వవు. పూలకాలం తిరిగి రాగానే అవే కూలి ఈగలు పోతుల గుడ్ల కోసం మిగతావాటికన్నా వెడల్పైన గదులు కట్టడం మొదలుపెడతాయి.