అనుభవముగల వకీలును ఎంచుకొనుట

గ్రామపెద్దలారా! గుడివాడలోగాని, దివిసీమలోని అవనిగడ్డలోగాని, జిల్లా కోర్టుగల మచిలీపట్టణములోగాని భూమి తగవుకై దావా వేయదలచితిరా, గెలుపు ఖాయమని పలుకు వకీలును నమ్మకుడు. దస్తావేజులను, సర్వే పటమును అడిగి, మొట్టమొదట తేదీలు లెక్కించువాడే అనుభవశాలి.

ఏలయన, 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి నోటు బాకీకి సాధారణముగా 3 ఏండ్లు, పరులు ఆక్రమించిన భూమిని హక్కునుబట్టి రాబట్టుటకు 12 ఏండ్లు గడువు. అది దాటినచో న్యాయమైన హక్కు సైతము కోర్టులో నిలువదు.

మంచి వకీలు మీ పక్షమందలి లోపమును వకాల్తాపై మీరు సంతకము పెట్టకముందే చెప్పును. గెలిచిన ఆస్తిలో వాటాను ఫీజుగా కోరడు. అది న్యాయవాదుల నియమములకు విరుద్ధము.

పొరుగువారితో రాజీకి తావున్నచో లోక్ అదాలతునకు త్రోవ చూపును. అచ్చట కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. గట్టు తగవు అట్లు తీరినచో, ఖర్చులకై ఆ పొలమునే అమ్ముకొను దుర్గతి తప్పును.