నాలుగు భాగములు, పావు వంతులు
2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా విభక్తమైనది. భాగములు నాలుగైనంత మాత్రమున ఒక్కొక్కటియు పావు వంతు కానేరదు. అవి సమానములైననే ఆ మాట చెల్లును. 2011 జనగణన ప్రకారము మొత్తము 27,41,239 జనములో 8,07,037 మంది మంచిర్యాలకును, 5,15,812 మంది ఆసిఫాబాదునకును చెందగా, తక్కిన రెండును చెరి యేడు లక్షల పైచిలుకుతో రమారమి పావు వంతున నిలిచినవి.

ఈ తారతమ్యమును కంటికి కట్టించుటకు 1801లో విలియం ప్లేఫెయిర్ ప్రచురించిన వృత్తరేఖాచిత్రము మిక్కిలి అనుకూలము: భాగమును మొత్తముచే భాగించి, వచ్చిన భిన్నమును 360చే గుణించిన ఆ జిల్లాకు చెల్లవలసిన కోణము తేలును. అట్లు గణింపగా మంచిర్యాలకు 106, ఆసిఫాబాదునకు 68, మిగిలిన రెంటికి చెరి 93 డిగ్రీలు వచ్చును. నాలుగును కూడి 360 అగుటయే లెక్క సరియనుటకు నిదర్శనము.