మడుగు ఎలా పుడుతుంది? ఎందుకు ముంచుతుంది?

పిల్లలూ! ఎండాకాలం సెలవులు వస్తున్నాయంటే మీ మనసు ఎటు పరుగెత్తుతుందో నాకు తెలుసు. వాగులో మడుగు మీదికే కదూ! మా నిజాంపేటలో నేను పాఠం చెప్పే పిల్లలదీ అదే వరస. నేనూ మీ వయసులో ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని ఈత నేర్చుకొన్నవాడినే. కనుక “నీళ్ళ దగ్గరికి పోవద్దు” అని ఒక్క మాటతో తేల్చేయను. అలా చెప్పినా మీరు వినరు! దానికి బదులు మడుగు ఎలా తయారవుతుందో చెబుతాను. అది తెలిస్తే అపాయం ఎక్కడ పొంచి ఉందో మీకే తెలిసిపోతుంది. మడుగును తవ్వే శక్తీ మనిషిని ముంచే శక్తీ ఒక్కటే.

ముందు నా సంగతి ఒకటి వినండి. నేను ఏడో తరగతిలో ఉండగా నలుగురం వాగుకు వెళ్ళాం. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు తేటగా కనిపిస్తున్నాయి. మాలో ఒకడు ముందుకు రెండడుగులు వేశాడో లేదో, కనిపించకుండా పోయాడు. అరుపు లేదు, కేక లేదు. మేము ఆటలనుకొని నవ్వుతున్నాం! ఒడ్డున గొర్లు కాసే తాత ఒకాయన పరుగున వచ్చి, బండ మీద బోర్లా పడుకొని తన పొడుగాటి కర్ర చాచాడు. వాడు దాన్ని పట్టుకొన్నాడు, బతికాడు. మోకాలి లోతు నీళ్ళలో అంత గుంట ఎక్కడిది? వాడెందుకు అరవలేదు? తాత నీళ్ళలోకి ఎందుకు దూకలేదు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు నాకు చాలా ఏళ్ళ తరువాత, సైన్సు చదువుకొన్నాక దొరికాయి.

బండను తొలిచే తిరగలి

మెదక్ జిల్లాలో ఏడుపాయల మీలో చాలామంది చూసే ఉంటారు. మంజీరా నది అక్కడ బండల మధ్య ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. వనదుర్గ ఆలయం అక్కడే ఉంది. మహాశివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన రాష్ట్రంలో ప్రవేశించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాని పొడవు ఇంచుమించు 724 కిలోమీటర్లు.

మన ప్రాంతపు గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఉలి దెబ్బకు కూడా తొందరగా లొంగని రాయి అది. మరి నీరు దాన్ని ఎలా తొలుస్తుంది? నిజానికి ఆ పని నీరు ఒక్కటే చేయదు. వరద వచ్చినప్పుడు ప్రవాహం బండకు తగిలి సుడి తిరుగుతుంది. బండ మీద చిన్న పల్లం ఉంటే ఇసుక, గులకరాళ్ళు అందులో చిక్కుకొంటాయి. సుడి వాటిని గిరగిరా తిప్పుతుంది. మన ఇళ్ళలో తిరగలి గింజలను నలిపినట్లు ఆ రాళ్ళు అడుగు బండను అరగదీస్తాయి. ఒక రాయి అరిగిపోతే తరువాతి వరద మరో రాయిని తెస్తుంది. వేల ఏళ్ళు గడిచేసరికి పల్లం గిన్నె అవుతుంది, గిన్నె గుండం అవుతుంది. మహారాష్ట్రలో నిఘోజ్ గ్రామం దగ్గర కుకడీ నది బసాల్టు శిలలో ఇలాంటి గుండాలను వరుసగా తొలిచింది. వాటిని చూడటానికి దూరప్రాంతాల నుంచి జనం వస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. సుడి తిరిగి తొలిచిన గుంట గోడలు ఎలా ఉంటాయి? బావి గోడల్లా నిలువుగా, పైగా నున్నగా ఉంటాయి. చెరువు గట్టులా మెల్లమెల్లగా వాలు ఉండదు. ఒక అడుగు మోకాలి లోతులో ఉంటే, రెండో అడుగు తల మునిగే లోతులో పడుతుంది. బయటికి రావాలంటే చేతికి పట్టు దొరకదు. పాచి ఉంటే మరీ జారుడు. మా మిత్రుడు పడింది ఇలాంటి గుండంలోనే.

వంకర దగ్గర, జలపాతం కింద

బండలు లేని చోట కూడా మడుగులు ఏర్పడతాయి. వాగు వంకర తిరిగే చోట నీరు బయటి ఒడ్డును ఒరుసుకొంటూ వేగంగా పోతుంది, అక్కడ నేలను కోస్తుంది. లోపలి ఒడ్డున వేగం తక్కువ కనుక ఇసుక మేట వేస్తుంది. కాబట్టి ఒడ్డు నిలువుగా తెగి, చెట్ల వేళ్ళు బయటపడి కనిపించే వైపు లోతు ఎక్కువ. ఇసుక తిన్నె ఉన్న వైపు లోతు తక్కువ. అయితే ఆ తిన్నె కూడా ఒక్కోచోట హఠాత్తుగా లోతులోకి జారిపోతుంది సుమా!

జలపాతం కింద మడుగు సంగతి వేరు. ఆదిలాబాద్ జిల్లాలో కడెం నది మీద ఉన్న కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. నీరు అంచెలంచెలుగా దూకుతుంది. ఒక్క అంచె ఎత్తు 5 మీటర్లే అనుకొని లెక్క వేద్దాం. v² = 2gs అనే సూత్రం ప్రకారం, g విలువ 10 అనుకొంటే, కిందికి చేరేసరికి నీటి వేగం సెకనుకు 10 మీటర్లు. అంటే గంటకు 36 కిలోమీటర్లు! ఆ వేగంతో దూకిన నీరు అడుగు దాకా దూసుకుపోయి పైకి లేస్తుంది. అందులో కొంత నీరు ఉపరితలం మీదుగా మళ్ళీ జలపాతం వైపే తిరిగి వస్తుంది. దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళినవాణ్ణి ఆ తిరుగు నీరు ధార కిందికి లాగుతుంది.

అక్కడి తెల్లటి నురగ ఇంకొక మోసం. నురగలో గాలి బుడగలు ఉంటాయి కనుక దాని సాంద్రత మామూలు నీటి కంటే తక్కువ. సాంద్రత తగ్గితే ఉత్ప్లవన బలం కూడా తగ్గుతుంది. మామూలు నీటిలో తేలేవాడు నురగ నీటిలో మునుగుతాడు. ఈత వచ్చినవారు కూడా జలపాతాల కింద చనిపోవడానికి ఇదొక కారణం.

సున్నపురాయి ప్రాంతాల్లో మడుగుల పుట్టుక మరొక రకం. వాన నీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. నంద్యాల జిల్లాలో 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలు అలా ఏర్పడినవే. ఇలాంటి గుహ కప్పు కూలి, అడుగున నీరు నిలిస్తే సహజమైన బావి తయారవుతుంది. మెక్సికో దేశపు యుకటాన్ ద్వీపకల్పంలో ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని సెనోట్‌లంటారు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం అక్కడ ఒక గ్రహశకలం పడింది. డైనోసార్ల అంతానికి కారణం అదేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ దెబ్బకు ఏర్పడి నేలలో పూడిపోయిన గుంట అంచు వెంబడి సెనోట్‌లు వలయంలా వరుస తీరాయి. ఆ నీరు ఎంత తేటదంటే లోతు ఇంతేనా అనిపిస్తుంది. ఆ తేటదనమే మోసం.

కళ్ళు చెప్పే అబద్ధం

ఒక ప్రయోగం చేయండి. గిన్నెలో నాణెం వేసి బల్ల మీద పెట్టండి. నాణెం అంచు చాటున సరిగ్గా కనుమరుగయ్యే దాకా వెనక్కి జరగండి. ఇప్పుడు తల కదపకుండా ఉండి, స్నేహితుణ్ణి మెల్లగా నీళ్ళు పోయమనండి. మాయమైన నాణెం మళ్ళీ కనిపిస్తుంది! నాణెం పైకి రాలేదు. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడం వల్ల అది పైకి లేచినట్లు కనిపించింది. ఇదే వక్రీభవనం.

నీటి వక్రీభవన గుణకం 1.33. కనుక నిలువుగా చూస్తే నీటి లోతు అసలు లోతులో నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. మడుగు లోతు 5 అడుగుల 4 అంగుళాలు అనుకొందాం. అంటే 64 అంగుళాలు. మీ కంటికి అది 48 అంగుళాలు, అనగా 4 అడుగులే. మీ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలైతే “నా గొంతు దాకానేలే” అనుకొని దిగుతారు. తీరా నీరు మీ తల మీద 6 అంగుళాలు ఉంటుంది! ఒడ్డున నిలబడి ఏటవాలుగా చూస్తే లోతు ఇంకా తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి లోతును కంటితో కాదు, కర్రతో కొలవాలి.

మునిగేవాడు ఎందుకు అరవడు?

మనిషి శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతకు సమానం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే కొంచెం తేలుతాం, అంతే. తలలో కొద్ది భాగమే నీటి పైన ఉంటుంది. ఆర్కిమిడీస్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. భయంతో చేతులు పైకెత్తితే ఏమవుతుంది? చేతులు పైకి వచ్చినంత మేరకు తల కిందికి పోతుంది. నోరు నీళ్ళలో ఉన్నవాడు కేక వేయలేడు. ఒక్క క్షణం నోరు పైకి వచ్చినా ఊపిరి తీసుకోవడానికే చాలదు. అందుకే మునక చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది ఉన్నారు.

పారే నీటి బలం కూడా తెలుసుకోవాలి. ప్రవాహ వేగం రెండింతలైతే అది మన కాళ్ళను నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఉదయం నిలబడగలిగిన చోట సాయంత్రం నిలబడలేకపోవచ్చు. పై ఊళ్ళలో వాన పడితే, మన నెత్తిన ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. ఎగువన ఆనకట్ట ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మంజీరా మీద ఏడుపాయలకు ఎగువన ఘనపురం ఆనకట్ట, దానికి ఇంకా పైన సింగూరు జలాశయం ఉన్నాయి.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో జరిగిన ఘోరం మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. చూస్తుండగానే నది పెరిగింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళు ఈతకు దిగినవారు కాదు, బండల మీద నిలబడినవారు!

ఇక ఇసుక తవ్విన గుంతలు, రాళ్ళు కొట్టిన క్వారీ గుంతలు చూడటానికి మడుగుల్లాగే ఉంటాయి. వాటిని చేసింది ప్రకృతి కాదు, యంత్రం. అంచు నిలువు, అడుగు ఎగుడుదిగుడు. వాటిలో అసలే దిగకండి.

మడుగుకు వెళ్ళేటప్పుడు

ఈత వచ్చిన పెద్దవారు లేకుండా వెళ్ళకండి. ముందుగా పశువుల కాపరులనూ చేపలు పట్టేవారినీ అడగండి. ఏ మడుగు ఎలాంటిదో వాళ్ళకు తెలిసినంత పుస్తకాలకు తెలియదు. మంజీరాలో కొన్ని చోట్ల మొసళ్ళు ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర వాటికి 1978 నుంచి అభయారణ్యం కూడా ఉంది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట దిగవద్దు. తల ముందుగా దూకడం ఎక్కడా పనికిరాదు, అడుగున ఉన్న బండ మెడ విరుస్తుంది. నీరు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు వినిపించినా వెంటనే గట్టెక్కండి.

మీరే కొట్టుకుపోతుంటే ప్రవాహానికి ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ముందుకు పెట్టి, నీటితోపాటు పోతూ ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకవద్దు. ప్రాణభయంలో ఉన్నవాడు దొరికినదాన్ని పట్టుకొని తనతోపాటు ముంచుతాడు. గట్టిగా కేకలు వేసి పెద్దలను పిలవండి. కర్ర చాచండి. మోకు, తువ్వాలు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏదుంటే అది విసరండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం తప్పు. నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతిని మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడిగి నేర్చుకోండి.

ఎండాకాలంలో వాగంతా ఎండినా చేపలకూ పక్షులకూ మిగిలే చివరి ఇల్లు మడుగు. అందులో సబ్బులు, ప్లాస్టిక్ సంచులు పడేయకండి. దాని అందం చూడండి, గుండంలో గులకరాళ్ళు ఎంత గుండ్రంగా ఉన్నాయో గమనించండి. అవి ఆ తిరగలి రాళ్ళే మరి!

గొర్లు కాసే ఆ తాత బడి మెట్లెక్కినవాడు కాదు. అయినా మునిగేవాడు అరవడని ఆయనకు తెలుసు. తాను దూకితే ఇద్దరూ పోతారని తెలుసు. నిలబడి లాగితే జారిపడతానని తెలిసి బండ మీద పడుకొన్నాడు. ఇన్ని సూత్రాలు చదువుకొన్న మనం ఆయనపాటి జాగ్రత్తయినా చూపవద్దా? ఈ వేసవిలో మీ ఊరి మడుగు ఏ రకానిదో ఒడ్డున నిలబడి పరిశీలించండి. గుండమా, వాగు వంకరా, యంత్రం తవ్విన గుంతా? చూసినది మీ నోటుపుస్తకంలో బొమ్మ గీసి, బడి తెరిచాక మీ సైన్సు మాస్టారికి చూపించండి.