చలిని ఆపే గోడ

పిల్లలూ! జనవరి నెలలో మీరు బయటికి వెళ్ళేటప్పుడు ఏమేమి తొడుక్కుంటారు? చొక్కా, స్వెట్టరు, ఆపైన మందపాటి కోటు. కోటు మీకు వేడిని ఇస్తుందా? ఇవ్వదు. మీ ఒంటి వేడిని బయటికి పోనీయదు, అంతే. కోటులోని పోగుల మధ్య గాలి చిక్కుకొని, కదలకుండా ఉంటుంది. కదలని గాలి గుండా వేడి చాలా మెల్లగా పోతుంది. ఇలా వేడిని తేలికగా పోనీయని వస్తువును ఉష్ణబంధకం అంటారు.

ఇంటికి కూడా కోటు కావాలి. ఆ కోటే గోడ.

ఆంధ్రదేశంలో పాతకాలపు పల్లె ఇళ్ళకు మందమైన మట్టిగోడలు, గడ్డి కప్పు ఉండేవి. మండు వేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది. అక్కడ వేడి లోపలికి రాకూడదు. ఇక్కడ కెనడాలో వేడి బయటికి పోకూడదు. దిక్కు మారింది గాని సూత్రం ఒక్కటే.

ఇప్పుడు ఒక ఇంటి కథ వినండి. 1973-74లో ప్రపంచమంతటా చమురు ధర సుమారు నాలుగు రెట్లు పెరిగింది. చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం ఎలా అని అందరికీ దిగులు పట్టుకున్నది. అప్పుడు సస్కాచెవాన్ రాష్ట్రంలో హెరాల్డ్ ఆర్ మొదలైన ఇంజనీర్లు రెజైనా నగరంలో 1977లో ఒక ఇల్లు కట్టి చూపించారు. అక్కడ చలికాలంలో సున్నకు దిగువ 30 డిగ్రీల చలి కూడా పడుతుంది. అయినా ఆ ఇంటికి కొలిమి పెట్టలేదు!

అది ఎలా సాధ్యమయింది? ఆ ఇంటి గోడ మందం సుమారు 12 అంగుళాలు. అందులో నిలువు కట్టెలు రెండు వరుసలుగా నిలబెట్టారు. ఒకే వరుస అయితే ప్రతి కట్టె లోపలి నుండి బయటికి వేడి నడిచిపోయే వంతెన అవుతుంది. రెండు వరుసల మధ్య ఎడం ఉంటే ఆ వంతెన తెగిపోతుంది.

మరి ఆ ఎడాన్ని ఖాళీగా వదిలితే చాలదా? చాలదు. వెచ్చని వైపు గాలి పైకి లేస్తుంది, చల్లని వైపు గాలి కిందికి దిగుతుంది. అలా తిరుగుతూ వేడిని మోసుకొని పోతుంది. అందుకే ఉష్ణబంధకంతో ఆ ఎడాన్ని నింపారు. గాలి కదలకుండా చిక్కుకున్నది.

ఇంకొక శత్రువు ఉన్నది: తేమ. చలిలో నుండి ఇంట్లోకి రాగానే కళ్ళజోడు మీద ఆవిరి పట్టడం చూశారు కదా! ఇంట్లోని తడిగాలి గోడలోకి చొరబడితే, చల్లని చోట అలాగే నీరవుతుంది. కట్టె తడిసి కుళ్ళిపోతుంది. కనుక గోడకు వెచ్చని వైపున సందు లేకుండా ప్లాస్టిక్ పొర పరిచారు.

సందులన్నీ మూసివేస్తే మంచి గాలి ఎలా వస్తుంది? దానికి ఒక పరికరం అమర్చారు. బయటికి పోయే వెచ్చని గాలికి, లోపలికి వచ్చే చల్లని గాలికి మధ్య పలుచని రేకులు ఉంటాయి. పోయే గాలి తన వేడిని వచ్చే గాలికి ఇచ్చి పోతుంది.

ఆ ఇంటికి సూర్యుని వేడిని పట్టే గొట్టాలు కూడా పెట్టారు. వాటికి చాలా ఖర్చయింది, చిక్కులూ వచ్చాయి. చివరికి ఎక్కువ మేలు చేసినవి మందపాటి గోడ, సందులేని కట్టుబడి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో ఇటువంటి ఇళ్ళు కట్టినవారు కూడా ఈ ఇంటి నుండి నేర్చుకున్నారు.

ఇక నేల సంగతి. కాంక్రీటు గట్టిది, కాని వేడిని ఆపలేదు. ఒక అంగుళం మందం గల నురుగు పలక ఆపినంత వేడిని ఆపడానికి మూడు అడుగులకు పైగా కాంక్రీటు కావాలి! కనుక మొదట కంకర పరిచి, దానిపైన నురుగు పలకలు, ప్లాస్టిక్ పొర వేసి, ఆ తరువాతనే కాంక్రీటు పోయాలి. పలకలు మరచిపోయి కాంక్రీటు పోస్తే, గట్టిపడిన తరువాత వాటిని కింద దూర్చడం ఎవరి తరమూ కాదు.

గోడ కూడా అంతే. కోటును ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడను మార్చడం చాలా కష్టం. మందపు గోడ కావాలంటే పునాది వెడల్పు, కిటికీల లోతు, గదుల కొలతలు అన్నీ ముందే లెక్క వేసుకోవాలి. ఇల్లు వెచ్చగా ఉంటుందా, లేదా అనేది మొదటి మేకు కొట్టక ముందే, కాగితం మీదనే తేలిపోతుంది. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు!

ఆలోచించి చెప్పండి

1. పల్లెలోని మట్టిగోడకు, రెజైనా ఇంటి గోడకు పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. నిలువు కట్టెలను రెండు వరుసలుగా ఎందుకు పెట్టారు?
3. ప్లాస్టిక్ పొరను గోడకు చల్లని వైపున వేస్తే ఏమవుతుంది?

చేసి చూడండి

గాలి వీచే రోజున ఒక పలుచని కాగితపు ముక్కను మూసిన కిటికీ అంచుల వద్ద పట్టుకోండి. అది ఎక్కడ కదిలితే అక్కడ సందు ఉన్నట్లే. మీ ఇంట్లో ఎన్ని సందులు ఉన్నాయో లెక్కపెట్టి, తరగతిలో చెప్పండి.