వెల్డింగు మిషను కొంటున్నారా? కళ్ళ సంగతి ముందు చూడండి

అదునులో దుక్కి సాగుతుండగా గొర్రు పట్టీ విరుగుతుంది. మండల కేంద్రానికి మోసుకెళ్తే మేస్త్రీ ఉండడు, ఉంటే కరెంటుండదు. ఒక పూట గడిచిపోతుంది. చిన్న అతుకులైనా ఇంటి దగ్గరే వేసుకుంటే ఏం పోయిందన్న ఆలోచన ఇలాంటప్పుడే వస్తుంది.

ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు రైతులకు నగరంలోకి ఎల్.బి.నగరే గుమ్మం. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు అక్కడే కలుస్తాయి. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయి దించి, పనిలో పనిగా దిల్‌సుఖ్‌నగర్‌లో సామాను కొనే వీలు 2021లో మార్కెట్టు బాటసింగారం తరలడంతో పోయింది. ఇప్పుడు ఇందుకోసమే రావాలి. అక్కడ నచ్చకపోతే మెట్రో ఎక్కి సికింద్రాబాదు రాణిగంజ్ వెళ్ళి చూడవచ్చు.

పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ మిషను మొండిది, మరమ్మతు తేలిక. కానీ బరువెక్కువ, కరెంటూ ఎక్కువే లాగుతుంది. రాడ్డు అంటించగానే ఇంట్లో బల్బులు మసకబారతాయి. ఇన్వర్టర్ మిషనును చేత్తో పట్టుకెళ్ళొచ్చు. ఇంటి వాడకానికి ఇదే మేలు. అయితే లోపలి కార్డు కాలితే ఎవరు బాగుచేస్తారో డబ్బు కట్టకముందే అడగాలి. డబ్బా మీద 200 అని పెద్దక్షరాలు చూసి మురిసిపోకండి. వెనక రేకు మీద అదే ఆంపియర్ల దగ్గర 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు అతకవచ్చు, నాలుగు నిమిషాలు ఆపాలి. నిజానికి రెండున్నర మిల్లీ రాడ్డుకు 70 నుంచి 90 ఆంపియర్లు సరిపోతాయి. గేట్లకు, రేకులకు, పశువుల పాక గొట్టాలకు అంతకు మించి అక్కరలేదు. ట్రాలీ కొక్కెం మాత్రం అనుభవమున్న మేస్త్రీకే వదిలేయండి. రోడ్డు మీద ఆ అతుకు విడిపోతే ప్రాణాలే పోతాయి.

మిషను బేరమయ్యాక మిగిలిన చిల్లరతో హెల్మెట్టు కొంటామంటే కుదరదు. చలువ కళ్ళద్దాలు, గ్యాసు వెల్డింగు గాగుల్సు ఈ వెలుగుకు చాలవు. 10 లేక 11 నంబరు నల్ల అద్దం కావాలి. చేత్తో పట్టుకునే డాలు చవకే గానీ ఒక చెయ్యి దానికే పోతుంది. తలకు పెట్టుకునేదే నయం. వెలుగు పడగానే దానంతటదే నల్లబడే అద్దమున్న హెల్మెట్టు కొత్తవారికి బాగా ఉపయోగం: రాడ్డు ఎక్కడ ఆనుతుందో కనబడుతుంది కాబట్టి, అద్దం ఎత్తి చూసే చెడ్డ అలవాటు పడదు. బ్యాటరీ మార్చే వీలుందా, ముందున్న తెల్ల రక్షణ అద్దం విడిగా దొరుకుతుందా కనుక్కోండి.

మంటను చూసిన కళ్ళు అప్పుడేమీ అనవు. రాత్రి పడుకున్నాక ఇసుక పోసినట్టు మండుతాయి. పక్కన నిలబడి చూసిన పిల్లలకూ అంతే. ఆలుగడ్డ ముక్కలు, తల్లిపాలు అంటూ కూర్చోక కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

వాన తడి నేల మీద, చెమట చొక్కాతో పని పెట్టుకోరాదు. జింకు పూసిన గొట్టాల పొగ పీలిస్తే జ్వరమొస్తుంది. పూత గీకి, ఆరుబయటే అతకండి. ఖాళీ డీజిలు డబ్బాల జోలికి అసలు పోవద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.