లేచే దీపాలు, లేవని దీపాలు

స్విచ్ వేయగానే ఎడమవైపు దీపం లేస్తుంది, కుడివైపుది లేవదు. 1989 నుంచి 1997 దాకా తయారైన మాజ్దా ఎంఎక్స్-5 మియాటా నడిపేవాళ్ళలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పని తలనొప్పి. చూసేవాళ్ళు నవ్వుతారు. నడిపేవాళ్ళకు మాత్రం చీకటి పడితే సగం రోడ్డే కనిపిస్తుంది. దాంతో వెంటనే పాత సామాన్ల దుకాణాల్లో మోటారు కోసం వెతుకులాట మొదలవుతుంది. అంత తొందర అక్కర్లేదు. పాప్-అప్ హెడ్‌లైటు ఏ తీరుగా మొరాయించిందో చూస్తే, తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అయితే ఆ తీరు అర్థం కావాలంటే అది ఎందుకు పుట్టిందో, ఏ కాలంలో ఏ బలంతో పైకి లేచిందో కాస్త తెలియాలి.

వీటికి ఆద్యం 1935 నవంబరులో న్యూయార్క్ ఆటో షోలో జనం ముందుకొచ్చిన కార్డ్ 810. గోర్డన్ బ్యూరిగ్ రూపం దిద్దిన ఆ కారులో దీపాలు ముందు మడ్‌గార్డుల లోపలే దాగి ఉండేవి. కంపెనీ అధిపతి ఇ.ఎల్. కార్డ్ చేతిలో స్టిన్సన్ విమానాల సంస్థ కూడా ఉండేది. ఆ విమానాలు నేలకు దిగేటప్పుడు వెలిగే దీపాలనే మార్చి ఇక్కడ అమర్చారు. డాష్‌బోర్డుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి తిప్పుడు హ్యాండిళ్ళు. రాత్రయితే రెండూ చేత్తో తిప్పుకోవాలి. మోటారు లేదు, రిలే లేదు, కాబట్టి చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. 1937లో కార్డ్ కార్ల తయారీ ఆగిపోయింది.

కార్డ్ 810లో ఇదంతా అందం కోసం చేసిన ఏర్పాటు. ఆ తర్వాత దీనికి చట్టం తోడైంది. 1940 నుంచి అమెరికా కార్లకు సీల్డ్ బీమ్ దీపాలు తప్పనిసరి అయ్యాయి. 7 అంగుళాల గుండ్రటి గాజు బుడ్డి, అందులోనే ఫిలమెంటు, అద్దం, అన్నీ కలిపి మూసేసిన దీపమది. కారుకు తగ్గట్టు దాని ఆకారం మారుద్దామంటే కుదరదు. పైగా దీపం నేలకు కనీసం 22 అంగుళాల ఎత్తున, అంటే సుమారు 56 సెంటీమీటర్ల పైన ఉండాలని నిబంధన. స్పోర్ట్స్ కారు ముక్కేమో గాలిని కోసుకుంటూ పోవడానికి అంతకంటే కిందికి వాలాలి. ఆ ముక్కు మీద అంత ఎత్తున, అంత పెద్ద గుండ్రటి దీపాన్ని ఎక్కడ పెట్టడం? పగలు లోపల దాచి, రాత్రి పైకి లేపడమే దారి.

1962లో వచ్చిన బ్రిటిష్ కారు లోటస్ ఎలాన్ ఆ దారే పట్టింది. దాని రూపకర్త రాన్ హిక్‌మన్. వడ్రంగం పనికి మడతపెట్టుకునే వర్క్‌మేట్ బల్లను తర్వాత కనిపెట్టిందీ ఈయనే. ఎలాన్‌లో దీపాలను లేపింది కరెంటు కాదు, వాక్యూమ్. పెట్రోలు ఇంజిన్ గాలిని పీల్చుకునేటప్పుడు దాని ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం బయటి గాలి కన్నా తగ్గుతుంది. అక్కడినుంచి ఒక రబ్బరు గొట్టం లాగి, పల్చటి డయాఫ్రమ్ ఉన్న డబ్బాకు కలిపితే, డయాఫ్రమ్ లోపలికి లాక్కుంటుంది. దానికి తగిలించిన కడ్డీ దీపాన్ని కదుపుతుంది. చిక్కేమిటంటే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డులో వాక్యూమ్ దాదాపు ఉండదు. అందుకని కొంత నిల్వ చేసుకోవాలి. లోటస్ వాళ్ళు దానికి వేరే ట్యాంకు పెట్టలేదు. ఛాసిస్ ముందు భాగంలో అడ్డంగా ఉన్న బోలు ఇనుప దూలాన్నే ట్యాంకుగా వాడేశారు. బరువు పెరగకూడదన్న పట్టుదల ఆ కంపెనీది. ఈ ఒక్క ఆలోచనలో అది మొత్తం కనిపిస్తుంది.

అరవై ఏళ్ళ తర్వాత ఆ దూలానికే తుప్పు పడుతుంది. సూదిమొనంత చిల్లు చాలు, వాక్యూమ్ నిలవదు. ఆ జబ్బు బయటపడే తీరు మాత్రం కారును బట్టి మారుతుంది. తొలి ఎలాన్లలో వాక్యూమ్ దీపాన్ని పైకి లాగేది. కాబట్టి ఎక్కడైనా లీకుంటే, రాత్రివేళ గట్టు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దీపాలు మెల్లగా కిందికి వాలతాయి. అమెరికాకు వెళ్ళిన తర్వాతి ఎలాన్లలో ఈ లెక్కను తిరగేశారు. స్ప్రింగు దీపాన్ని పైకి తోస్తుంది, వాక్యూమ్ కిందికి పట్టి ఉంచుతుంది. వీటిలో అదే లీకు ఉంటే, రాత్రి మూసి ఉంచిన దీపాలు తెల్లారేసరికి సగం లేచి కనిపిస్తాయి. చిల్లు ఒకటే, లక్షణం తలకిందులు.

ఈ తిరగేయడం నాకు ఎంతో నచ్చిన సంగతి. 1960ల చివర్లో అమెరికా ప్రభుత్వం దాగే దీపాలకు ప్రత్యేకంగా ఒక భద్రతా ప్రమాణం తెచ్చింది. స్విచ్ వేశాక 3 సెకన్లలోపు పూర్తిగా తెరుచుకోవాలి. వెలుగుతున్న దీపం, దాన్ని లేపే శక్తి మధ్యలో పోయినా సరే, తెరుచుకునే ఉండాలి. మూసి ఉన్నప్పుడు యంత్రం పాడైతే, పనిముట్టు ఏదీ లేకుండా తెరవగలిగే మార్గం ఉండాలి. చెడిపోవడం ఎలాగూ తప్పదు, చెడితే వెలుగు వైపే చెడాలన్నది దాని సారం. పాత కారు దీపాలతో తంటాలు పడేవాళ్ళకు ఈ నిబంధన ఇప్పటికీ అక్కరకొస్తుంది. చేత్తో లేపే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, ముందు దాన్ని వెతకాలి.

వాక్యూమ్ కార్లలో వెతకాల్సింది తక్కువే. రెండు దీపాలూ కలిసి వాలుతుంటే తప్పు ఉమ్మడి భాగంలో ఉన్నట్టు, అంటే ట్యాంకులోనో, మానిఫోల్డు దగ్గరి నాన్-రిటర్న్ వాల్వులోనో. ఒక్కటే వాలితే ఆ పక్క గొట్టమో, డయాఫ్రమో చూడాలి. చేత్తో నొక్కే చిన్న వాక్యూమ్ పంపు ఒకటి, దాని మీద మీటరు ఉంటే చాలు. గొట్టం విప్పి పంపు తగిలించి లాగి, ముల్లు నిలబడుతుందో జారుతుందో చూడాలి. 1968 నుంచి వచ్చిన షెవర్లే కార్వెట్లలో ఈ గొట్టాల అల్లిక మరీ ఎక్కువ. విచిత్రమేమంటే, 1963 కార్వెట్ స్టింగ్ రే అప్పటికే కరెంటు మోటార్లతో దీపాలను తిప్పింది. కంపెనీ మళ్ళీ వాక్యూమ్‌కు వెళ్ళి, 1984 మోడలుతో తిరిగి మోటారుకే వచ్చింది.

ఇక మియాటా. ఎలాన్‌ను ఎంతో ఇష్టంగా తలుచుకుంటూ చేసిన కారు ఇది, కానీ దీపాలకు మాత్రం పక్కకొక కరెంటు మోటారు. మోటారు చివర వార్మ్ గేరు, దానికో పళ్ళ చక్రం, ఆ చక్రం ఇరుసుకు చిన్న క్రాంకు, క్రాంకు నుంచి దీపం చట్రానికి ఒక లింక్ రాడ్. మోటారు ముందుకూ వెనక్కూ తిరగదు, ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతుంది. క్రాంకు అర చుట్టు తిరిగితే దీపం లేస్తుంది, మిగతా అర చుట్టుకు దిగుతుంది. లేచి నిలబడినప్పుడు క్రాంకూ రాడ్డూ ఒకే గీతలోకి వస్తాయి. సైకిల్ పెడల్ సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు ఎంత బలంగా తొక్కినా చక్రం కదలదు కదా, అలాగే ఎదురుగాలి ఎంత తోసినా దీపం వెనక్కి మడవదు. మోటారులో కరెంటు లేకపోయినా అంతే.

మరి సరిగ్గా అర చుట్టు దగ్గర ఆగాలని మోటారుకు ఎలా తెలుస్తుంది? పళ్ళ చక్రంతో పాటు తిరిగే ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని అంచులో కొంత మేర లోహం ఉండదు. బిళ్ళను రాసుకుంటూ సన్నటి స్ప్రింగు వేళ్ళు మూడు ఉంటాయి. వేలు ఖాళీ మీదికి రాగానే కరెంటు తెగి మోటారు ఆగుతుంది. వైపర్లు ఆపితే అద్దం అడుగుకే వచ్చి పడుకోవడానికీ ఇలాంటి ఏర్పాటే కారణం. ముప్పై ఏళ్ళలో ఆ బిళ్ళ మీది గ్రీజు గోధుమరంగు జిగురుగా మారుతుంది, నిప్పురవ్వలకు ఇత్తడి నల్లగా మాడుతుంది. నేను చెప్పేది ఏమిటంటే, మోటారు పోయిందని పారేసేవాళ్ళలో చాలామంది పారేస్తున్నది మంచి మోటారునే. పోయింది ఈ రాపిడి ఒక్కటే.

దీన్ని తేల్చడానికి ఒక చక్కటి పరీక్ష ఉంది. మోటారు మీద రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే గుబ్బ ఒకటి ఉంటుంది, చట్టం అడిగిన మార్గం అదే. ముందుగా రిట్రాక్టర్ ఫ్యూజు పీకేయాలి. ఈ మాట విననివాళ్ళ వేళ్ళు చట్రం సందులో నలుగుతాయి, ఆ మోటారుకు బలం తక్కువేమీ కాదు. గుబ్బను కొద్దిగా తిప్పి, చెయ్యి తీసేసి, ఫ్యూజు మళ్ళీ పెట్టి స్విచ్ వేయాలి. ఆగిపోయిన దీపం ఇప్పుడు తనంతట తానే మిగతా దూరం వెళ్ళిపోతే మోటారు బాగుంది, వైర్లు బాగున్నాయి, వేలు ఆగిన చోట మాత్రమే బిళ్ళ పాడైంది. మూత విప్పి, పాత గ్రీజు తుడిచి, బిళ్ళను సన్న ఉప్పు కాగితంతో మెరిసేలా రుద్ది, వేళ్ళను కాస్త ముందుకు వంచితే సరిపోతుంది. అదే దీపం ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటే, ఖాళీ వచ్చినా కరెంటు తెగడం లేదన్నమాట. అప్పుడు బిళ్ళతో పాటు రిలేనూ అనుమానించాలి.

చప్పుడు వినడం ఇందులో సగం విద్య. రెండువైపులా నిశ్శబ్దమైతే ఫ్యూజు, రిలే, స్విచ్ చూడాలి. ఒక్కవైపే నిశ్శబ్దమైతే ఆ పక్క కనెక్టరు, ఎర్త్ వైరు, కార్బన్ బ్రష్‌లు. మీటరు పెట్టి 12 వోల్టులు వస్తున్నాయని సంతోషించేముందు, మోటారు తగిలించి ఉండగానే కొలవాలి. తుప్పు పట్టిన పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు పూర్తి వోల్టేజి చూపించి, కరెంటు లాగగానే కుప్పకూలుతుంది. ఎర్త్ వైరు చివర ఛాసిస్‌కు బిగించే చోట రంగు గీకి, బోల్టు మళ్ళీ బిగిస్తే తీరిపోయే జబ్బులు ఎన్నో. దీపం లేస్తూ మూలిగితే కీళ్ళు పట్టేసి ఉంటాయి, చలి దేశాల్లో అయితే మంచు మూతను అతికించేసి ఉంటుంది. పోర్షా 944లో రెండు దీపాలకూ కలిపి మోటారు ఒక్కటే, అడ్డంగా ఒక కడ్డీ రెంటినీ కలుపుతుంది. అక్కడ ఒక్కటే లేవకపోతే మోటారు వైపు చూడనే అక్కర్లేదు.

మోటారు గిర్రున తిరుగుతోంది, దీపం మాత్రం కదలదు: ఈ ఫిర్యాదు 1984 నుంచి 1988 దాకా వచ్చిన పాంటియాక్ ఫియరోది. దాని గేరు లోపల ఇరుసుకూ పళ్ళ చక్రానికీ నడుమ చిన్న ప్లాస్టిక్ గుళికలు మూడు ఉంటాయి. దీపం చివరికంటా వెళ్ళి ఆగినప్పుడు తగిలే దెబ్బను అవే మింగుతాయి. వయసు మీద పడ్డాక పొడిగా రాలిపోతాయి. మూత తీస్తే గుళికల చోట తెల్లటి నలక, దాన్ని పీల్చుకున్న గ్రీజు కనిపిస్తాయి.

ఈ యంత్రం అవసరం తీరిపోయింది 1983లోనే. ఆ ఏడాది అమెరికా నిబంధన మార్చి, బల్బు మార్చుకునే, కారు ఆకారానికి ఒదిగే దీపాలను అనుమతించింది. ముక్కు వాలుగా ఉన్నా దీపాన్ని దాచనక్కర్లేకపోయింది. తర్వాత పాదచారుల భద్రత మీద యూరప్ పట్టుబట్టడంతో బానెట్ మీద పొడుచుకొచ్చే వస్తువులకు చోటు కరువైంది. మియాటా 1998 మోడలుతో వీటిని వదిలేసింది. లోటస్ ఎస్‌ప్రి, ఐదో తరం కార్వెట్ 2004 దాకా నిలిచాయి. పెద్ద ఎత్తున తయారైన కార్లలో అవే చివరివి.

ఇప్పుడు మిగిలిన కార్లకు విడిభాగాలు చిన్న చిన్న పనివాళ్ళ దగ్గర దొరుకుతున్నాయి. ఫియరో గుళికలకు బదులు ఇత్తడివో, ఉక్కువో వేస్తే జీవితాంతం అరగవని కొందరి సలహా. నాకు అది సమ్మతం కాదు. అరగడానికే పెట్టిన భాగం అది. దాన్ని గట్టిపరిస్తే దెబ్బ పోదు, పక్క భాగానికి మారుతుంది. అప్పుడు విరిగేది గేరు పళ్ళో, లింకో, మోటారు ఇరుసో. గుళిక దొరికినంత తేలిగ్గా అవి దొరకవు. అదే కొలతలో మళ్ళీ ప్లాస్టిక్‌వే వేసి, కొత్త గ్రీజు పూసి, ఇంకో మూడు గుళికలు డబ్బాలో దాచుకోవడం మేలు.

బిగించాక ఒక పని మిగులుతుంది. చాలా కార్లలో దీపం లేచి ఆగే చోటు, మూసినప్పుడు మూత ఎత్తు, కాంతి వాలు, మూడింటికీ వేరువేరు సర్దుబాట్లు ఉంటాయి. మూత బానెట్‌తో సమంగా కూర్చోలేదని కాంతి స్క్రూను తిప్పితే ఎదుటివాళ్ళ కళ్ళలో వెలుగు పడుతుంది. కారును గోడకు ఎదురుగా చదునైన నేల మీద నిలిపి, ముందు ఆగే చోటు, తర్వాత మూత, చివరికి కాంతి, ఈ వరుసలోనే సరిచేయాలి.